చాప మీద ఎవరు కూర్చున్నారు? - అంతర్జాతీయ సాంస్కృతిక సభలకు ఒక కొలత

అంతర్జాతీయ సాంస్కృతిక సభల విషయంలో మన రచయితల్లో రెండు ధోరణులు కనిపిస్తాయి. పిలుపు రాగానే పెట్టె సర్దుకొని వెళ్లి, తిరిగొచ్చాక పదేళ్లపాటు ఆ ప్రయాణం ముచ్చట్లే చెప్పుకుంటూ గడిపే ధోరణి ఒకటి. అటువంటి సభలన్నీ డబ్బున్నవాళ్ల తిరనాళ్లే, మన ఊళ్లో మన పని మనకు చాలు అని తలుపు వేసుకునే ధోరణి మరొకటి. మొదటిదానికి అవకాశవాదమనీ, రెండోదానికి సంకుచితత్వమనీ పేర్లు పెట్టి ఊరుకోవడం తేలికే. పేరు పెట్టినంతమాత్రాన సమస్య తేలదు. కళల ద్వారా సమాజాన్ని మార్చాలనుకునే దేశదేశాల వాళ్లు ఒకచోట చేరినప్పుడు నిజంగా జరిగేదేమిటి? ఆ చేరిక వల్ల ఏ ఊళ్లో ఏం మారింది? జరిగిన చరిత్రను బట్టి దీన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. నిరుడు ఎండాకాలంలో ఒక డప్పు కళాకారుడు నరసరావుపేటలో మా ఇంటికి వచ్చాడు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల మధ్య పుట్టి పెరిగినవాడు, నా దగ్గర డిగ్రీ చదువుకున్నవాడు. విదేశంలో జరిగే ఒక సమ్మేళనానికి వాళ్ల దళానికి పిలుపు వచ్చింది. సామాజిక మార్పు కోసం కళలు అన్నది ఆ సమ్మేళనం నినాదం. ఏడు నిమిషాల ప్రదర్శన ఇవ్వాలి. ఈ చుట్టుపక్కల వాళ్ల దళానికి పేరు తెచ్చింది బట్టీ పాట. సున్నపు దుమ్ము పీల్చి పీల్చి ఊపిరి చెడిన ఒక తల్లి, తన కూతుర్ని బట్టీ పనికి రావద్దని చెప్పే పాట అది. నిర్వాహకులు ఆ పాట విని ఎంతో మెచ్చుకున్నారు. ఉత్తరం చివర మాత్రం ఒక షరతు రాశారు. అక్కడి ప్రేక్షకులకు భాష తెలియదు కాబట్టి పాట అక్కర్లేదు, డప్పూ చిందూ ఉంటే చాలు.

"మాట తీసేసి దెబ్బ ఒక్కటే వాయించమంటున్నారు మాష్టారూ. పొమ్మంటారా, వొద్దంటారా?" అని అడిగాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నాలుగు రోజులాగి రమ్మన్నాను. ఆ నాలుగు రోజుల్లో ఆలోచించినవీ, ఆ తరవాత చదివి సరిచూసుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను.

1. కారెంపూడి నుంచి ఒక కొలత

పల్నాటికి బయటి ప్రపంచం సాగరు కాల్వతోపాటే వచ్చిందని అనుకునేవాళ్లున్నారు. అది నిజం కాదు. మాచర్ల పక్కన, ఇవ్వాళ నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉన్న విజయపురి, క్రీస్తుశకం 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని. అక్కడ బయటపడిన బోధిసిరి అనే ఉపాసిక శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, యవనం, సింహళం వంటి పేర్లు వరసగా కనిపిస్తాయి. ఆ దేశాలకు బౌద్ధాన్ని మోసుకెళ్లిన సింహళ ఆచార్యుల కోసం ఆమె చైత్యగృహం కట్టించింది. అదే లోయలో నాలుగువైపులా మెట్లు కట్టిన ఒక ప్రదర్శనశాల కూడా తవ్వకాల్లో దొరికింది. జలాశయంలో మునిగిపోకుండా దాన్ని అనుపు దగ్గరికి తెచ్చి మళ్లీ పేర్చారు. విద్యార్థుల్ని అక్కడికి తీసుకెళ్లినప్పుడల్లా ఆ మెట్ల మీద కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడుగుతుంటాను. మెట్ల మీద కూర్చున్నదెవరు, మధ్యలో ఆడిందెవరు? దానాలు చేసినవాళ్ల పేర్లు రాళ్ల మీద నిలిచాయి. ఆ మెట్ల నడుమ ఆడి పాడినవాళ్ల పేర్లు మనదాకా రాలేదు.

దీనికి ఎదురు నిలిచే సంప్రదాయం కూడా పల్నాట్లోనే ఉంది. కారెంపూడిలో నాగులేటి ఒడ్డున ఏటా కార్తీక అమావాస్యకు వీరుల ఆరాధనోత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు. ఊరూరి నుంచి వీరుల కొణతాలు మోసుకొస్తారు. మందపోరు నాడు చాపకూడు జరుగుతుంది. బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడనీ, మాల కన్నమదాసును కొడుకుగా స్వీకరించి సేనానిని చేశాడనీ కథ చెబుతుంది. 12వ శతాబ్దం చివర జరిగిన ఆ యుద్ధంలో ఎంత చరిత్ర, ఎంత కల్పన అన్నది వేరే చర్చ. ఒక సామాజిక సంస్కరణను ఉత్సవంగా, పాటగా, పంక్తి భోజనంగా మార్చి శతాబ్దాలపాటు నిలబెట్టుకున్న ప్రాంతం ఇది. అది మాత్రం మన కళ్లముందున్న సత్యం.

చాపకూడులో విశేషం అందరూ ఒకచోట చేరడం కాదు. సంతలోనూ అందరూ చేరతారు. ఎవరి విస్తరి ఎక్కడ వెయ్యాలన్న నియమాన్నే అక్కడ పక్కన పెట్టారు. అందుకే ఏ సభనైనా కొలవడానికి చాపకూడే నాకు కొలత అయింది. మూడు ప్రశ్నలు అందులోంచే పుడతాయి. చాప మీద కూర్చున్నదెవరు, అంటే ఎవరు ఏ భాషలో మాట్లాడారు? కూడు ఎవరిది, అంటే ఖర్చు ఎవరు పెట్టారు? తిన్నవాళ్లు లేచి ఇళ్లకు వెళ్లాక ఏం చేశారు?

2. ప్యారిస్ నుంచి తెనాలి దాకా

ముందు మూడో ప్రశ్న తీసుకుందాం. మన ఉద్యమం పుట్టుకే దానికి జవాబు.

1935 జూన్‌లో ప్యారిస్‌లో సంస్కృతీ పరిరక్షణ కోసం అంతర్జాతీయ రచయితల మహాసభ జరిగింది. హిట్లర్ అధికారంలోకి వచ్చి రెండేళ్లు దాటింది. పుస్తకాలు తగలబెట్టారు, రచయితలు దేశాలు పట్టి తిరుగుతున్నారు. ఆందే జీద్, మాల్రో, బ్రెక్ట్, ఫార్‌స్టర్ వంటివాళ్లు ఆ సభలో పాల్గొన్నారు. లండన్‌లో చదువుకుంటున్న సజ్జాద్ జహీర్ కూడా అక్కడికి వెళ్లాడు. అంతకుముందే ఆయనా, ముల్క్‌రాజ్ ఆనంద్, మరికొందరు మిత్రులూ లండన్‌లో చేరి అభ్యుదయ రచయితల ప్రణాళిక ముసాయిదా రాసుకున్నారు. ప్రేమ్‌చంద్ 1935 అక్టోబరులో దాన్ని తన 'హంస్' పత్రికలో అచ్చువేశాడు. 1936 ఏప్రిల్‌లో లక్నోలో అఖిల భారత అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ జరిగింది. అధ్యక్షుడుగా ప్రేమ్‌చంద్ అక్కడ చేసిన ప్రసంగం, సౌందర్యాన్ని చూసే మన చూపే మారాలని వాదించింది. ఏడేళ్లకు, 1943 ఫిబ్రవరిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన తెనాలిలో మన అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ జరిగింది. అదే ఏడాది మేలో బొంబాయిలో ప్రజానాట్య సంఘం ఏర్పడింది. ఆంధ్రలో ప్రజానాట్యమండలి రూపం తీసుకుంది.

ఈ వరసను మన సాహిత్య చరిత్రలు తారీఖుల పట్టికలాగా చెప్పి వదిలేస్తాయి. ఇందులో చూడాల్సింది ఒక్కో మజిలీలో జరిగిన మార్పు. ప్యారిస్‌లో ప్రశ్న ఫాసిజం. లక్నోకు వచ్చేసరికి వలసపాలన, పేదరికం, మతద్వేషం అందులో కలిశాయి. తెనాలికి వచ్చేసరికి కౌలు, కరువు, కూలి కలిశాయి. బయట నుంచి వచ్చిన ఆలోచన ప్రతి చోటా అక్కడి నేల రంగు పట్టింది. అలా పట్టబట్టే బతికింది.

దీనికి మంచి ఉదాహరణ బుర్రకథ. జంగం కథగా, శారద కథగా ఊళ్లలో ఉన్న రూపాన్ని ప్రజానాట్యమండలి తీసుకుంది. తంబురా పట్టిన కథకుడు నడుమ, అటూ ఇటూ ఇద్దరు వంతలు. వాళ్లలో ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. పాత కథ చెబుతుండగానే రాజకీయ వంత అడ్డుపడి ఇవ్వాళ్టి సంగతి లేవనెత్తుతాడు. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట పుట్టిన షేక్ నాజర్ ఈ కళకు ప్రాణం పోశాడు. ఆయన చెప్పిన 'పల్నాటి యుద్ధం' పల్నాటి కథను పల్నాటివాళ్లకే కొత్తగా వినిపించింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన 'మాభూమి' నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించవలసి వచ్చింది. ప్యారిస్ సభలో కూర్చున్నవాళ్లలో ఎవరికీ బుర్రకథ అనే మాట తెలిసి ఉండదు. ఆ సభ వేసిన విత్తనంలో ఒకటి మాత్రం ఇక్కడ బుర్రకథగా మొలిచింది. తిరుగుదారి అంటే ఇదే. ఆ దారికి ఎనిమిదేళ్లు పట్టింది, ఎందరో మోశారు.

ఈ సందర్భంలో ఒక మాట మరిచిపోకూడదు. బయటి గాలి రాకముందు ఇక్కడంతా చీకటి అనుకుంటే పొరపాటు. 1922లో ముద్రణ పొందిన 'మాలపల్లి'ని ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో రాశాడు. పల్నాటి అడవుల్లో పుల్లరి చెల్లించబోమని తిరగబడిన కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు బలైంది కూడా 1922లోనే. వినుకొండలో పుట్టిన జాషువా 1941లో 'గబ్బిలం' వెలువరించేనాటికి ఆయనకు ఏ అంతర్జాతీయ వేదికా లేదు. తన వాడ బాధను తన పద్యంలోనే చెప్పుకొని ఆయన విశ్వనరుడు అయ్యాడు. అంతర్జాతీయ సభ అగ్గిపెట్టె కాదు. ఉన్న నిప్పు మీద గాలి ఊదితే మండుతుంది, నిప్పు లేనిచోట బూడిద ఎగురుతుంది.

3. ఎవరి భాష?

ఇక మొదటి ప్రశ్న. 1962 జూన్‌లో ఉగాండాలోని మకెరెరేలో ఆఫ్రికన్ రచయితల సమావేశం జరిగింది. ఆఫ్రికా దేశాలు ఒకటొకటిగా స్వాతంత్ర్యం పొందుతున్న రోజులవి. ఆ సభ పేరులోనే ఇంగ్లీషులో రాసే ఆఫ్రికన్ రచయితలు అని ఉంది. అప్పటికి విద్యార్థిగా ఉన్న గూగీ వా థియాంగో, ఇంగ్లీషులో అచ్చయిన రెండు కథల బలంతో ఆ సభలో కూర్చోగలిగాడు. స్వాహిలీలో మహాకవి షాబాన్ రాబర్ట్, యొరుబాలో గొప్ప నవలలు రాసిన ఫగున్వా మాత్రం ఆ నిర్వచనం ప్రకారం అర్హులు కాలేదు. ఆఫ్రికన్ సాహిత్యం అంటే ఏమిటని చర్చించే సభలో ఆఫ్రికా భాషలకు చోటు లేదు. గూగీయే తరవాత, 1986లో వచ్చిన తన పుస్తకంలో ఈ సంగతిని విమర్శకు పెట్టాడు.

దీన్ని దూరదేశం కథగా చదివి నవ్వుకుని వదిలెయ్యలేను. ఇరవై ఏళ్ల కిందట మన దేశంలోనే ఒక అంతర్జాతీయ సభకు నేనూ వెళ్లాను. సభ పేరు ఇక్కడ అనవసరం. పొద్దున ప్రారంభ ఊరేగింపులో మన జిల్లాల డప్పు దళాలు ముందు నడిచాయి. ఫొటోలన్నీ వాళ్లవే. పదకొండింటికి 'జానపద కళలు - ప్రతిఘటన' అనే చర్చ మొదలైంది. వేదిక మీద అయిదుగురూ ఇంగ్లీషులో మాట్లాడారు. బాగానే మాట్లాడారు, నేను నోట్సు రాసుకున్నాను. మధ్యలో మంచినీళ్లకని బయటికి వస్తే, పొద్దున ఊరేగింపు నడిపించిన పెద్దాయన డేరా నీడన డప్పు పక్కన పెట్టుకొని కూర్చుని ఉన్నాడు. "లోపల ఏందయ్యా మాట్లాడుకునేది?" అన్నాడు. "మీ గురించేనయ్యా" అన్నాను. "మా గురించయితే మరి మమ్మల్ని పిలవలేదేంది?" అన్నాడు. నా చేతిలో నోట్సు పుస్తకం ఉంది. దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

నిర్వాహకులు చెడ్డవాళ్లని నేననను. దుబాసీలను పెట్టాలంటే డబ్బు కావాలి, మనుషులు కావాలి, చర్చకు రెట్టింపు సమయం కావాలి. కాని ఆ ఖర్చు పెట్టని సభ తనకు తెలియకుండానే రెండు పంక్తులు వేస్తుంది. ఆడేవాళ్లది ఒక పంక్తి, అర్థం చెప్పేవాళ్లది ఒక పంక్తి. అనుపు మెట్లు మళ్లీ కట్టినట్టే అవుతుంది.

పల్నాటి కథకే ఇది జరిగింది. ఆ కథను తరతరాలుగా పాడుతూ వచ్చినవాళ్లు మాలలైన వీరవిద్యావంతులు. పండితలోకం గుర్తించింది మాత్రం శ్రీనాథుడి పేరు మీద ఉన్న ద్విపదనే. అమెరికా నుంచి వచ్చిన జీన్ రోఘైర్ అనే పరిశోధకుడు అలిశెట్టి గాలెయ్య అనే విద్యావంతుడు పాడిన కథను రికార్డు చేసి, ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఆ పుస్తకం 1982లో ఆక్స్‌ఫర్డ్ ముద్రణగా వెలువడింది. గాయకుడి పేరు చెప్పి, ఆయన కథను ఆయన కథగానే నిలబెట్టినందుకు ఆ పని విలువైనది. అదే సమయంలో మన విశ్వవిద్యాలయాల్లో ఎంతమంది సాహిత్య విద్యార్థులకు ఆ గాయకుడి పేరు తెలుసు అని కూడా అడగాలి.

4. కూడు ఎవరిది?

రెండో ప్రశ్న అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు. అడగక తప్పదు.

1950 జూన్‌లో బెర్లిన్‌లో సాంస్కృతిక స్వేచ్ఛ పేరుతో ఒక అంతర్జాతీయ సంస్థ ఏర్పడింది. 1951లో బొంబాయిలో కూడా సభ జరిపింది. ఎన్నో దేశాల్లో పత్రికలు నడిపింది, సభలు పెట్టించింది. పైన చెప్పిన మకెరెరే సభ వెనక ఉన్నదీ ఈ సంస్థే. దానికి అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఎ. డబ్బు చేరుతున్నదని 1966, 67ల్లో బయటపడింది. సభలకు వెళ్లినవాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియదు. తెలియకపోయినా ఎవరిని పిలవాలి, ఏ భాష చాలు, ఏ ప్రశ్న రాకూడదు అనేవి డబ్బు ఇచ్చినవాడి ప్రయోజనాలకు దూరంగా తేలవు.

ఇంతవరకు చెప్పి ఆపితే సగం నిజమే చెప్పినట్టు. 1958 అక్టోబరులో తాష్కెంట్‌లో ఆఫ్రో-ఆసియా రచయితల మహాసభ జరిగింది. వలసపాలన కింద ఒకరి భాష ఒకరికి తెలియకుండా బతికిన ప్రజల రచయితలు, లండన్, ప్యారిస్‌ల పెద్దరికం లేకుండా నేరుగా కలుసుకున్న గొప్ప సందర్భం అది. ఆ ఉద్యమం నుంచే 'లోటస్' పత్రిక వచ్చింది, లోటస్ బహుమతి వచ్చింది. 1973లో ఆ బహుమతి అందుకున్నవాళ్లలో గూగీ ఒకడు. ఆ సభకు ఆతిథ్యం ఇచ్చింది సోవియట్ ప్రభుత్వం. సరిగ్గా అదే నెలలో పాస్తర్నాక్‌కు నోబెల్ బహుమతి ప్రకటిస్తే, అదే ప్రభుత్వ హయాంలో అక్కడి రచయితల సంఘం ఆయన్ని బహిష్కరించింది. బహుమతి తిరస్కరించేదాకా ఆయన్ని వదల్లేదు. 1935 ప్యారిస్ సభలో మాట్లాడిన పాస్తర్నాకే ఆయన. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయాక 'లోటస్' ఆగిపోయింది. వలస వ్యతిరేకత నిజమైనదే, స్నేహమూ నిజమైనదే. కాని సొంత కాళ్లు లేని పత్రిక ఆసరా పోగానే కూలింది. మన వైపు డబ్బు కదా అని లెక్క అడగకపోతే జరిగేది ఇదే.

తెలుగువాళ్ల అనుభవం కూడా చూద్దాం. 1975 ఏప్రిల్‌లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. దేశదేశాల తెలుగువాళ్లు వచ్చారు. అంతర్జాతీయ తెలుగు సంస్థ ఏర్పడింది. 1985లో స్థాపించిన తెలుగు విశ్వవిద్యాలయంలో అది కలిసింది. ఆ మేలును కాదనలేం. కాని ఆ పండగ ఖర్చుకు యజమాని ప్రభుత్వం. విప్లవ రచయితల సంఘం ఆ సభల్ని బహిష్కరించింది. భాషకు పండగ చేస్తూ ఆ భాషలో మాట్లాడే కూలివాడి గొంతును పక్కన పెట్టడమేమిటన్నదే వ్యతిరేకుల ప్రశ్న. మహాసభలు ముగిసిన రెండు నెలలకు దేశమంతటా ఎమర్జెన్సీ వచ్చింది. పదేళ్లకు కారంచేడు జరిగింది. తెలుగు గొప్పతనం గురించి వేదిక మీద చెప్పిన మాటల్లో ఏ ఒక్కటీ, మంచినీళ్ల చెరువు దగ్గర మాదిగ బిడ్డలకు అడ్డం నిలబడలేదు.

డబ్బు విషయంలో జాగ్రత్తపడ్డ సందర్భమూ ఒకటుంది. బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రెలో 2001లో మొదలైన ప్రపంచ సామాజిక వేదిక, 2004 జనవరిలో ముంబయి గోరేగావ్‌లో జరిగింది. అంతకు ఏడాది ముందు హైదరాబాదులో ఆసియా సామాజిక వేదిక సమావేశాలు జరిగాయి. ముంబయి సభకు ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బు తీసుకోకూడదని భారత నిర్వాహకులు నిర్ణయించారు. అయినా ఆ వేదికలో స్వచ్ఛంద సంస్థల నిధుల బరువు ఎక్కువనీ, చర్చ తప్ప కార్యాచరణ లేదనీ విమర్శించినవాళ్లు రోడ్డుకు అవతలి పక్కనే 'ముంబయి ప్రతిఘటన' పేరుతో వేరే సభ పెట్టారు. ఈ రెండు సభల మధ్య వాదంలో ఎవరి పక్షం వహించినా, ఒక మేలు జరిగిందని ఒప్పుకోవాలి. కూడు ఎవరిదన్న ప్రశ్న గుసగుసగా కాక బాహాటంగా చర్చకు వచ్చింది.

5. సభ లేకుండానే వచ్చిన స్నేహం

గూగీ కథలోనే ఇంకో పాఠం ఉంది. 1977లో ఆయన తన సొంత ప్రాంతమైన కమిరీథూలో రైతులు, కూలీలతో కలిసి గికుయు భాషలో నాటకం ఆడించాడు. రంగస్థలం ఊరివాళ్లే కట్టుకున్నారు. సంభాషణలు ఊరివాళ్లే దిద్దారు. కొన్ని వారాలకే ప్రభుత్వం నాటకాన్ని ఆపించింది. ఆ డిసెంబరు 31న గూగీని పట్టుకెళ్లి విచారణ లేకుండా ఏడాది జైల్లో పెట్టింది. 1982లో ఆ రంగస్థలాన్నే పోలీసులు నేలమట్టం చేశారు. ఇంగ్లీషులో నవలలు రాసినన్నాళ్లూ ఆయన్ని జైల్లో పెట్టలేదన్నది గమనించాలి. ఊరి భాషలో, ఊరివాళ్ల నోట మాట పలికినప్పుడే పాలకులకు భయమేసింది.

జైల్లో టాయ్‌లెట్ కాగితాల మీద ఆయన గికుయులో రాసిన నవలను, 1980ల్లో మన జైల్లో ఉండి వరవరరావు తెలుగు చేశాడు. ఒక జైలు నుంచి మరో జైలుకు చేరిన ఆ పుస్తకానికి ప్రారంభోత్సవం లేదు, ప్రతినిధుల బ్యాడ్జీలు లేవు. అంతకన్నా అంతర్జాతీయమైన సాంస్కృతిక సంఘటన మన సాహిత్యంలో అరుదు. గూగీ 2025 మేలో కన్నుమూశాడు. తెలుగు పాఠకులు దగ్గరి బంధువు పోయినట్టు బాధపడ్డారంటే, ఏ సభలోనో చేయి కలిపినందుకు కాదు.

అంటే సభలు అక్కర్లేదనా? కాదు. సభ జరిగే నాలుగు రోజులు దారిలో ఒక మజిలీ మాత్రమే. ముందు అనువాదం, తరవాత ఆచరణ లేకపోతే ఆ మజిలీలో దిగి టీ తాగి వచ్చినట్టే.

6. తరవాతి రోజు

చాపకూడును కొలతగా పెట్టుకున్నాను కాబట్టి దాన్నీ అదే కొలతతో చూడాలి. ఏడాదికి ఒకనాడు చాప మీద కలిసి తిన్నంత మాత్రాన కులం పోలేదు. పోయి ఉంటే పల్నాటి ఊళ్లలో వాడలు వేరుగా ఉండేవి కావు. 1991లో అప్పటి గుంటూరు జిల్లాలోనే చుండూరు జరిగేది కాదు. కళ చాపను పరవగలదు. భూమి, కూలి, బావి అన్న మూడు చోట్ల ఆ చాపను పరవాల్సింది మనుషులు, వాళ్ల సంఘాలు. ఉత్సవం ఆ బాధ్యతను గుర్తుచేస్తే అది మార్పుకు సాధనం. ఆ బాధ్యత తీరిపోయిందన్న తృప్తినిస్తే అది మార్పుకు అడ్డు. ప్రపంచంలో ఏ సాంస్కృతిక సభకైనా ఈ మాట వర్తిస్తుంది.

నాలుగు రోజుల తరవాత ఆ అబ్బాయి వచ్చాడు. పొమ్మనే చెప్పాను, మూడు పనులు చేసి పొమ్మన్నాను. పాట లేకుండా రాలేమని రాయాలి. డబ్బు ఎవరిస్తున్నారో అడగాలి. తిరిగొచ్చిన నెలలోపల బట్టీల దగ్గర ఒక సాయంత్రం కూర్చుని, చూసిందీ విన్నదీ కూలీలకు చెప్పాలి. "రానివ్వమంటే?" అన్నాడు. "అప్పుడు పోవద్దు. దెబ్బ ఒక్కటే వింటామనేవాళ్లకు క్యాసెట్టు చాలు" అన్నాను.

ఉత్తరాలు రెండుమూడు నడిచాయి. చివరికి పాట పూర్తిగా కాకపోయినా సగం పాడనిచ్చారు. అర్థం ఒక కాగితం మీద అచ్చువేసి పంచారు. డబ్బు సంగతికి నాలుగు సంస్థల పేర్లు పంపారు. అంతకు మించి చెప్పలేదు.

తిరిగొచ్చాక ఏం తెచ్చావని అడిగాను. ఒక గని కార్మికుల దళం పద్ధతి తెచ్చానన్నాడు. వాళ్లు పాటను మధ్యలో ఆపేసి, మిగతాది మీరు చెప్పండని ఎదుటివాళ్ల వైపు తిరుగుతారట. మన రాజకీయ వంత కథకుణ్ణి ఆపినట్టే, ఇక్కడ ఆపేది ప్రేక్షకులు. కిందటి కార్తీకంలో పిడుగురాళ్లలో బట్టీ పాటను అలాగే పాడారు. నేనూ వెళ్లాను. ముప్పయి మందికి మించి లేరు. తల్లి కూతుర్ని బట్టీకి రావద్దనే చోట పాట ఆపి, "తరవాతేందమ్మా?" అని అడిగాడు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక నిలబడ్డ ఒకామె, "రావద్దంటే ఎట్టా? ముందు మొహానికి గుడ్డలన్నా ఇమ్మను, దవాఖానా ఖర్చు పెట్టుకోమను, అది పాడు" అంది.

మర్నాటికి ఆ రెండు డిమాండ్లూ పాటలో చేరాయి. బట్టీ యజమానులు ఇంకా ఏమీ ఇవ్వలేదు. ఆ పాట ఇప్పుడు వారం వారం ఒక్కో బట్టీ దగ్గర ఆగుతోంది. కూలీలు దాన్ని పూర్తిచేస్తున్నారు.

మన సంఘాల శాఖలకు నా సూచన ఇదే. మన సభ్యులెవరు ఏ అంతర్జాతీయ సభకు వెళ్లినా ఆ మూడు ప్రశ్నలూ రాసిచ్చి పంపండి. వచ్చాక నివేదికను పట్టణంలో టౌన్ హాల్లో కాదు, ఎవరి పేరు చెప్పుకొని వెళ్లారో వాళ్ల వాడలో పెట్టించండి. అక్కడ అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పగలిగితే ఆ ప్రయాణం మనందరిదీ అవుతుంది. చెప్పలేకపోతే టిక్కెట్టు ఎవరు కొన్నా అది ఒంటరి ప్రయాణమే.